జీవరత్నం మేస్టారు వల సూడని రోజు

ఏటీ? ఎదురు మాటాడినాడని ఎర్రకార్డు సూపించీసినావా? ఇస్కూలు గుంటడికా? రా, ఇలాగొచ్చి కూకో కామేషూ. ముందు మెళ్లో ఆ విజిలు తీసీ. ఒసే చూడామణీ, తమ్ముడి మనవడొచ్చినాడు, కాస్త టీ ఎట్టవే. గ్రౌండులో మర్యాదుండాల తాతా అంటావు. ఉండాల, ఎవుడు కాదన్నాడు? ఆ మాట మా జీవరత్నం మేస్టారు అన్నంతగా ఇంకెవుడూ అన్నేదు. నీకు తెల్దులే, నువ్వు పుట్టకముందే పోనాడు. ఇక్కడే, మన నెల్లిమర్లలోనే ఉండీవోడు. డ్రిల్లు మేస్టారు. ఈ సుట్టుపక్కల హైస్కూలు ఫుట్‌బాలంటే రిఫరీ ఆయనే. ఆదోరం సర్చిలో ఎలగ నిలబడీవోడో, గ్రౌండులోనూ అలగే. ఏ ఇస్కూలోళ్లిచ్చిన టీ అయినా ముట్టీవోడు కాదు, మంచినీళ్లు కూడా ఇంటికాడ నుంచే తెచ్చుకునీవోడు. మేం మిల్లు డూటీ దిగి తిన్నగా గ్రౌండుకెల్లిపోయీవోళ్లం, ఆయన్ని సూడ్డానికే సగం మంది. "రిఫరీ మాట మీద ఇంకో మాట లేదర్రా, ఊదేసేక అయిపోయినట్టే" అనీవోడు. పెసిడెంటుకైనా అదే మాట, పిల్లోడికైనా అదే మాట.

ఇంకోటి. ఆట మొదలెట్టకముందు రెండు గోలుపోస్టుల సుట్టూ తిరిగి, వల గుప్పిట్లో పట్టుకుని గుంజి సూసీవోడు. ఎందుకంటే అప్పుడీ నైలాను వలలెక్కడివి? మా మిల్లోళ్లే జనపతాడుతో అల్లిచ్చినారు. వానాకాలమంతా గదిలో పడుంటే ఎలకలు కొట్టీవి. పైకి బాగానే కనిపిస్తాది, సెయ్యెడితేనే తెలుస్తాది. అంచేత ఆయన సెయ్యెట్టకుండా విజిలూదీవోడు కాదు. ఎండైనా వానైనా సరే. ఆ ఒక్క రోజే ఎట్టనేదు.

ఏటైనాదంటే, సాలూరు జట్టుకీ మనూరు జట్టుకీ ఫైనలు. పెద్దమనిసి లాగ ఎవుర్ని పిలిసినారు? చంద్రశేఖరం పంతులుగారిని, జీవరత్నానికి సిన్నప్పుడు సదువు సెప్పినాయన. మామూలుగా ఆటకి ముందు ఎవుళ్లనీ పలకరించీవోడు కాదు మా మేస్టారు. మరి గురువుగారు కదా. ఆయన "ఒరే రత్నం, ఇలా రారా" అని పిలిసీసరికి ఎల్లి, పంతులుగారి సెయ్యట్టుకుని గుంటలందర్నీ సూపించినాడు. అప్పటికే ఆలీసమైపోనాది, జనం గోల. తిన్నగా మద్దికెల్లి విజిలూదీసినాడు.

సాలూరోళ్ల గోలుకీపరు సోములని ఉండీవోడు. తండ్రి పోనాడు, తల్లి తవిటమ్మ లారీల స్టాండులో ఇడ్లీలమ్మీది. సన్నంగా, పొడుగ్గా... బంతెటొస్తే అటు ఎగిరీవోడు, అబ్బ, సూసి తీరాల. ఆ ఆట సూసి స్టేటు జట్టుకి ఎంచుతారు. ఎంచితే హాస్టల్లో సీటు, తిండీ సదువూ అక్కడే. ఆడి బతుకంతా ఆ రోజు ఆట మీదే ఉన్నాది. ఆకర్లో మనోడొకడు పక్కనించి కొట్టినాడు. బంతెల్లి వల్లో పడింది. మేస్టారు గోలు అని ఊదీసినాడు. మేం అవతలేపున్నాం, మాకేటి కనిపిస్తాది, కేకలే కేకలు. ఆ గుంటడు పరిగెట్టుకొచ్చి, "సార్, పక్కనించి దూరింది సార్, కన్నం ఉన్నాది సార్, వచ్చి సూడండి సార్" అని మేస్టారి సెయ్యట్టుకుని లాగినాడు. ఇంకేటుంది? రిఫరీని ముట్టుకుంటే... జేబులోంచి ఎర్రకార్డు తీసినాడు. ఆ గుంటడు ఏడవనేదురా. ఆ కార్డేపు అలగే సూస్తా నిలబడిపోనాడు.

ఆటైపోనాక వలలిప్పుతంటే మేస్టారెల్లి సెయ్యెట్టినాడు. మోసేతి దాకా దిగిపోనాది. నాను పక్కనే ఉన్నాను, ఆ మొకం... వద్దులే. తిన్నగా సెలక్షనోళ్ల కాడికెల్లి "తప్పు నాదండీ, అది గోలు కాదు, ఆ కుర్రాడిది ఏ తప్పూ లేదు" అని సేతులు జోడించినాడు. ఆళ్లేటన్నారో తెలుసా? "మేస్టారూ, మీరే కదండీ సెప్తారు, రిఫరీ మాట మీద ఇంకో మాట లేదని. కార్డు పడ్డ కుర్రోడిని తీసుకోం కదా." జల్మంతా ఆయన సెప్పిన మాటే! తప్పు సేసినోడికి దిద్దుకోడానికైనా దారుండాల కదా. నేదు. మనూరోళ్లు గెలిసిన కప్పు పాడుసేసినాడని తిట్టినారు, సాలూరోళ్లు ఎలాగూ తిట్టినారు.

పై ఏడు సాలూరెల్లినాడు. సోములు లారీ కింద పడుకుని నట్లు బిగిస్తన్నాడంట, ఒళ్లంతా గ్రీజు. ఈయన నోరిప్పకముందే, "ఊదీసినారు కదండీ మేస్టారూ, అయిపోనాది. మీరెందుకొచ్చినారు ఇంత దూరం" అని బల్ల మీద దుమ్ము దులిపి కూకోబెట్టినాడంట. టీ తెప్పించినాడంట. "తిట్టినా బాగుండును, గణపతిరావూ" అన్నాడు మేస్టారు నాతోటి. మరింక విజిలు ముట్టనేదు. కానీ ఏ ఊళ్లో ఆటైనా పొద్దున్నే ఎల్లి, వల గుంజి సూసి, ఎనక్కొచ్చీసీవోడు. గుంటలు పిచ్చి మేస్టారనీవోళ్లు. ఆకరి రోజుల్లో మంచం మీద దోమతెర గుంజీవోడ్రా. ఆళ్లావిడ ఏసమ్మగారు సెప్పి ఏడిసింది. ఏం లాభం? ఎన్ని వలలు సూసినా ఆ ఒక్కటీ సూడనట్టే కదా.

అవునూ... నీ గుంటడు. ఎదురు మాటాడినాడన్నావు కదా. ఏటన్నాడ్రా?

ఆడన్నది ఇన్నేదా?

టీ తాగు. సల్లారిపోతన్నాది.