ఏఐకి మర్యాద నేర్పిన సుభాష్ గారు

"ఏం చెప్పమంటారండి, అలిసిపోయేనండి బాబూ. చెయ్యలేక చస్తున్నాననుకోండి," అంటూ సుభాష్ గారు లీలావతి గారి టీకొట్టు ముందు బల్ల మీద కూలబడ్డారు. ఆయన హైదరాబాదు కంపెనీ ఒకదానికి అమలాపురంలో ఇంట్లోంచే కోడు రాస్తారు. ఈ శుక్రవారంతో కంట్రాక్టు అయిపోతుంది. మళ్ళీ ఏడాదికి పొడిగించామన్న మెయిలు మాత్రం ఇంకా రాలేదు. ఆ సంగతి టీకొట్టు మొత్తానికీ తెలుసు.

"మెయిలొచ్చిందాండీ?" అని అడిగారు లీలావతి గారు, గ్లాసు చేతికిస్తూ.

"వస్తుందండి, రాక ఎక్కడికి పోతుంది. నన్నొదులుకుని వాళ్ళు బతకగలరా? అసలు ఒక రోజేం జరిగిందంటే, బస్సు టిక్కెట్ల ప్రోగ్రాం మాది, పొద్దున్నే మొరాయించింది. హైదరాబాదులో పదకొండుమంది కుర్చీల్లోంచి లేవకుండా మూడు రోజులు వెతికేరండి, దొరకలేదు. నేను ఇక్కణ్ణించి చూసేను. ఒక్క కామా. ఎక్కువ పడింది. తీసేసేను. అంతేనండి, బస్సులు కదిలేయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆయ్, చెప్పండి," అన్నారు కొబ్బరికాయల వ్యాపారం చేసే పెద్దిరాజు గారు.

"కోడు రాసే ఏఐని కొన్నారండి. మనుషులకి బదులు అదే రాసేస్తుందంట. తీసుకొచ్చి నా కోడు ముందు కూచోబెట్టేరు. నేనేమో నా తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలని లైను లైనుకీ పక్కన మన తెలుగే, ఇంగ్లీషు అక్షరాలతో రాసి పెడతానండి, 'బాబ్బాబు, దీని జోలికి రాకండి, మీకు పుణ్యముంటుంది' అని. ఏఐ అక్కడే ఆగిపోయింది. చదివింది, మళ్ళీ చదివింది, 'ఈ సుభాష్ గారెవరండి, ఒక్కసారి మాట్లాడించండి' అంది. గారు అనమని నేను చెప్పలేదండి, దానంతటదే అంది! ఇంక అప్పణ్ణించి మా కంపెనీ అమెరికా ఆఫీసు మేనేజర్లు ఏం చెప్పినా 'ఆయ్, అలాగేనండి' అనడమే. ఇప్పుడక్కడ ఆఫీసులో తెల్లోళ్ళు కూడా ఒకళ్ళతో ఒకళ్ళు ఆయ్ ఆయ్ అనుకుంటున్నారంట."

పెద్దిరాజు గారికి టీ పొలమారింది. సుభాష్ గారు మాత్రం నవ్వలేదు, కళ్ళు నులుముకున్నారు.

"నవ్వుతారేంటండి, నా పాట్లు నాకు తెలుసు. పొద్దున్నే నేను పలకరిస్తే గాని అది పని ముట్టుకునేది కాదు. ఆమధ్య మా వీధిలో ట్రాన్స్‌ఫార్మరు పేలిందా, నాకు నెట్టు పోయిందా, నేను పలకలేదని అది బెంగెట్టుకుని పని మానేసింది, దాంతో అక్కడ విమానాలకి దిగే దారి చెప్పేవాడు లేక ఆకాశంలోనే గిరగిరా తిరిగేయండి. మన లైన్‌మేన్ స్తంభమెక్కి ఫ్యూజు వేసేకే దిగేయి. ఒక్క మనిషి మీద ఇంత బరువు న్యాయమా చెప్పండి? పైగా నా కోడు చదివీ చదివీ దాని కంప్యూటర్లు వేడెక్కిపోతే, ఉపాయం కూడా నేనే చెప్పాలా! నాలుగు లక్షల కొబ్బరిబొండాలు దింపించి, దిండిలో హౌస్‌బోట్లన్నీ మాట్లాడి, అటు నించి అటే సముద్రమ్మీద అమెరికా పంపించేం."

"నాలుగు లక్షల బొండాలు కోనసీమ దాటితే నాకు తెలీకుండానా?" అన్నారు పెద్దిరాజు గారు.

"మీరప్పుడు తిరుపతి వెళ్ళేరండి."

"నేను తిరుపతి వెళ్ళి మూడేళ్ళయిందండీ!"

"అయితే మూడేళ్ళ కిందటే అనుకోండి," అన్నారు సుభాష్ గారు నీరసంగా. గట్టిగా వాదించే ఓపిక కూడా ఆయనలో లేదు.

"చివరికి కంపెనీ పెద్దాయనే వీడియోలోకొచ్చి, 'సుభాష్ గారూ, మీరు బాగా అలిసిపోయేరు. ఏ లైను ఎందుకు రాసేరో, ఏది పాడైతే ఎక్కడ చూడాలో, మీ బుర్రలో ఉన్నదంతా ఏఐకి రాసిచ్చెయ్యండి. ఇంక మిమ్మల్ని మాటిమాటికీ విసిగించదు' అన్నారు. అంత మర్యాదగా అడిగితే మనవాళ్ళం కాదనగలమా అండి? ఆయ్ అన్నాను. మూడు నెలలు రాసేనండి. మూడొందల నలభై పేజీలు. ఒక్క ముక్క దాచుకోలేదు. అది అరనిమిషంలో చదివేసి, ఇంత బాగా ఎవరూ చెప్పలేదని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇప్పుడు ఏది మొరాయించినా నన్నడక్కుండా అదే బాగుచేసేసుకుంటోంది. పదిహేను రోజులైందండి, ఆఫీసు నించి ఒక్క ఫోను లేదు. అంత గొప్పగా రాసేనన్నమాట."

బల్ల చివర కొండలరావు గారు ఇంతసేపూ వింటూ కూర్చున్నారు. ఆయనది బండారులంక, ఒకప్పుడు చీరలు నేసిన మనిషి.

"అంతా రాసిచ్చేసేరు కదా బాబూ," అన్నారు మెల్లిగా. "మరి ఇంక మీతో వాళ్ళకి పనేముందండి?"

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగారు.

"నేనూ ఇచ్చేనండి," అన్నారు కొండలరావు గారు. "పవర్‌లూమాయన మా ఇంటికొచ్చి, 'ఆ అంచు తియ్యడం మీ ఒక్కరికే వచ్చండి, కాస్త గీసివ్వరూ' అన్నాడు. గళ్ళ కాయితం మీద పోగు పోగూ గీసిచ్చేను. దండం పెట్టి మరీ పట్టుకెళ్ళేడు. మగ్గం విప్పేసి తొమ్మిదేళ్ళయింది. ఇంట్లో మీ ఆవిడగారికి ముందే చెప్పుకోండి బాబూ. నేను ఆలస్యం చేసి చాలా బాధపడ్డాను."

"చెప్పేనండి," అన్నారు సుభాష్ గారు తల దించుకుని. "శనివారమే చెప్పేను. కంట్రాక్టు పొడిగించేరని."

లీలావతి గారు చేతిలో గిన్నె కింద పెట్టేశారు.

"మా ఆవిడ ఝాన్సీ నమ్మేసిందండి. ఆదివారం చర్చిలో లేచి నించుని సాక్ష్యం కూడా చెప్పింది, దేవుడు మా ఆయన ఉద్యోగం నిలబెట్టేడని," అన్నారాయన. "సంఘమంతా స్తోత్రం అన్నారండి. నేనూ అన్నాను."