తొలి జున్ను

తిరగబడ్డ రైతుల సంఘానికి భయపడి దొర కోటలాంటి తన గడికి తాళం వేసి హైదరాబాదు పారిపోయాడు. ఆ వారంలోనే ఇబ్రహీంపట్నంలో ఓ అత్తాకోడళ్ల బర్రె ఈనింది.

"జున్నుపాల ముంత నెత్తికెత్తుకొని యాడికే?"

"గడికి, అత్తా. తొలిపాలు దొరకే గదా."

"దొర యాడున్నడు? తాళం తాగుతదా పాలు?"

"అవ్ గదా. అలవాటుకొద్ది బయలెల్లిన."

"దించు. బెల్లం కొట్టు, జున్ను వండుదాం."

"నాకు రాదత్తా. మనింట్ల ఎన్నడన్న వండినమా?"

"నాకొస్తది. గడిల వెట్టికి ఏండ్లకేండ్లు వండిన. ఒక్కపారి గూడ నాలిక మీద ఏసుకోనియ్యలే."

జున్ను గట్టిపడింది. అత్త ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఎట్లుందత్తా?"

"ఇన్నేండ్లు దొరకు గింత మంచిగ వండిపెట్టిన్నా? గిన్నె ఇటు తే. అడుగంటింది గూడ ఇడిసేది లేదు."