తడి సరుకు, పొడి మాట

కూర్చోను బావగారూ, కూర్చోడానికి రాలేదు నేను. కాఫీ కూడా వద్దు. మీ ఆఫీసుకి ఎవరు ఏడుస్తూ వచ్చినా ముందు కాఫీ తెప్పిస్తారని అక్కయ్య ఎప్పుడో చెప్పింది. నేను ఏడవడానికి కూడా రాలేదు.

ఆ గోడ మీద తెరలో తిరుగుతున్నదే కదా తుఫాను? తెల్లగా, దూది ఏకి పెట్టినట్టు ఎంత బాగుందో. దాని పక్కన ఆ పచ్చచుక్క మీ తమ్ముడి ఓడ. మీ తమ్ముడనే అంటున్నాను చూడండి. నా మొగుడంటే మీకు పట్టదేమో, తమ్ముడంటే అయినా ఎక్కడో చురుక్కుమంటుందని.

ఏమన్నారు? ఓడ మీద నిర్ణయం కెప్టెన్‌దా?

అది రూలు. రూళ్ళు వినడానికి ఇంత దూరం రావాలా బావగారూ, ఆయన సెలవుల్లో ఇంటికొస్తే పొద్దస్తమానం అవే వింటాను. నాకు కావలసింది ఒక్క ముక్క. "వెనక్కి రా" అని మీరు రాయాలి. ఓడల మీద మీరే పెద్ద కదా ఇక్కడ, ఆయన చూసేదీ మీ మాట కోసమే. అంతే, రాసేస్తే నా దారిన నేను పోతాను.

రాశారు, తెలుసు. నాకు చదివి వినిపించారు పొద్దున ఫోనులో. ముందంతా ఆఫీసు భాష. గాలి ఇంత, అలలు ఇంత, తలదాచుకోడానికి దగ్గరలో ఉన్న రేవు ఫలానా. బాగానే ఉంది. చివర మాత్రం మన మాటలో ఒక ముక్క తగిలించారు. "ఇక నీ ఇష్టం" అని.

ఎంత పని చేశారు బావగారూ.

మనస్ఫూర్తిగానే అన్నారా? అలా అయితే మీరు ఆ ఇంట్లో పుట్టలేదా? మామయ్యగారి నోట్లోంచి ఆ మాట వస్తే ఏమిటో మీకు తెలీదా?

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఏం కూర చెయ్యమంటారు మామయ్యగారూ అని అడిగితే "నీ ఇష్టమమ్మా" అన్నారు. పిచ్చిదాన్ని, నిజమే కాబోలనుకుని నాకిష్టమైన కూర చేశాను. ఆయన కంచం ముందు కూర్చుని, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి లేచిపోయారు. అక్కయ్య నన్ను వంటింట్లోకి లాగి, "ఈ ఇంట్లో నీ ఇష్టం అంటే వద్దని, చేస్తే ఊరుకోననీ" అని చెవిలో చెప్పింది. మీరు పక్కగదిలో నవ్వుకున్నారు కూడా, నాకు వినిపించింది.

మీ తమ్ముడు మోటార్ సైకిల్ కొనుక్కున్నప్పుడూ అదే కదా. "నీ ఇష్టంరా" అన్నారట మామయ్యగారు. సాయంత్రానికల్లా బండి తిరిగి షాపుకి పోయింది.

అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి, అన్నగారు, అందులోనూ పైఅధికారి, నడిసముద్రంలో "నీ ఇష్టం" అని రాస్తే ఏమర్థమవుతుంది? తిప్పావో నీ సంగతి చూస్తానని అర్థమైంది. "అన్నయ్య తిప్పొద్దంటున్నాడు, ముందుకే పోతాను" అన్నారు నాతో. అదే ఇంకెవరికి రాసి ఉన్నా, హమ్మయ్య అనుకుని ఈపాటికి రేవులో ఉండేవాడు.

అంత చిన్న విషయానికా అంటారా? చిన్నదేం కాదు. పోయినేడు ఆయన తుఫానని చెప్పి ఓడని పక్కన ఆపుకుంటే, ఆ తుఫాను కాస్తా ఇంకోవైపు పోయింది. సరుకు ఆలస్యమైంది. అప్పుడు మీరు నలుగురిలో ఏమన్నారు? "మావాడు ఒడ్డున కూర్చునే కెప్టెన్" అన్నారు. అందరూ నవ్వారట. మీరు హాస్యానికే అని ఉంటారు, నేను కాదనను. ఆయనకి మాత్రం అది ముల్లులా దిగిపోయింది. ఆరోజు నుంచీ మిమ్మల్ని అన్నయ్యా అనడం మానేశారు. సార్ అంటున్నారు. మీరు గమనించలేదు కాబోలు, పనిలో ఉంటారు.

సరుకు సంగతి మాట్లాడదామా, పోనీ.

గనిలోంచి తవ్విన ఎర్రమన్ను. వాన పడుతుండగానే ఓడ కడుపులో హోల్డుల్లోకి పోశారు. ఆపుదామంటే వెనకాల ఇంకో ఓడ కాచుకుని ఉందని రేవువాళ్ళు తొందరపెట్టారు. పరీక్షలో పొడే అని తేలిందన్నారు. వానకి ముందే, కుప్ప మీద ఎండకి ఆరిన పైపొర గీకి పరీక్ష చేస్తే పొడి కాక ఏమవుతుంది?

మీ తమ్ముడు నమ్మలేదు. ఒక డబ్బాలో సగం దాకా ఆ మన్ను పోయించి నేలకేసి కొట్టించారు. గట్టిగా ఉన్న మన్ను కొట్టగా కొట్టగా జావైపోయి పైన నీళ్ళు తేలాయట. అది మీకు చెప్పారు. పరీక్షలో పొడి కదా బయల్దేరు అన్నారు మీరు.

నేనూ చేసి చూశాను. నవ్వకండి. పప్పు డబ్బా ఖాళీ చేసి, పూలకుండీలో మట్టి తడిపి పోసి, వంటింటి గట్టు మీద బాదాను. కింద వాటా ఆవిడ పైకొచ్చి ఏమిటండీ ఆ చప్పుడంది. మా ఆయన్ని చూస్తున్నానని చెప్పాను. నాకు మతి పోయిందనుకుని వెళ్ళిపోయింది. తప్పులేదు, పోయింది.

అలలు చేసేదీ అదే కదా. ఓడని పట్టుకుని అలా బాదుతూనే ఉంటాయి. మన్ను బురదై ఒకపక్కకి జారితే ఓడ అటు ఒరిగి ఇక లేవదట, పడవలు దించుకునే వ్యవధి కూడా ఉండదట. ఇది నాకు ఎవరు చెప్పారు? మీరే. మా పెళ్ళైన కొత్తలో భోజనాల దగ్గర కూర్చుని, మీరు కెప్టెన్‌గా ఉన్ననాటి కబుర్లు చెప్తూ మీరే చెప్పారు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

పొద్దున ఆయన ఏమన్నారో చెప్పనా? "ఓడ ఒకపక్కకి ఊగాక లేవడానికి బద్ధకిస్తోంది" అన్నారు. మామూలుగా అన్నారు, పిల్లవాడు బడికి లేవడం లేదన్నట్టు. నేను భయపడతానని.

అదిగో, మీ మొహం మారింది. ఈ మాట మీకు చెప్పలేదా? సార్‌కి చెప్పలేదన్నమాట.

ఎక్కడికి? లోపల కంపెనీ పెద్దాయన్ని అడిగొస్తారా? వెళ్ళండి. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటాను. తలుపు తీసి ఉంచండి చాలు.

వచ్చారా. ఏమన్నారు పెద్దాయన?

చెప్పక్కర్లేదులెండి, మీ నడకలోనే తెలుస్తోంది. కెప్టెన్‌దే నిర్ణయం. మనం తిప్పమంటే రేపు సరుకు వాళ్ళ ముందు మనం నిలబడాలి. అంతేనా? ఎవరి చేతులు వాళ్ళు దులుపుకుని కూర్చుంటారు. మధ్యలో ఓడ నిండా మనుషులు, వాళ్ళకి ఇళ్ళూ పెళ్ళాలూ ఉన్నారు, నాలాగా ఇక్కడిదాకా వచ్చి పోట్లాడటానికి బావగార్లు లేరు పాపం.

కోప్పడకండి. మీ మీద కోపంతో రాలేదు. నాకు మీరు తప్ప ఎవరున్నారు చెప్పండి, ఈ సముద్రం గొడవలో?

ఒక మాట చెప్పాలి. చెప్పాక మీరు నన్ను తిట్టినా పడతాను.

మీరు లోపలికి వెళ్ళినప్పుడు కంప్యూటర్ మూసి వెళ్ళలేదు. ఆయనకి రాసినది అలాగే తెరిచి ఉంది. దాని కిందే రాశాను. "ముందుకు పోవద్దు. వెంటనే వెనక్కి తిరుగు. ఇది నా ఆర్డరు" అని. కింద మీ పేరు పెట్టబోయి, ఎందుకో చెయ్యి ఆడక, అన్నయ్య అని పెట్టాను.

జవాబు వచ్చేసింది బావగారూ. ఎంతోసేపు పట్టలేదు. అదుగో చూడండి. "సరే అన్నయ్యా, తిప్పుతున్నాను." అన్నయ్యా అనే రాశారు, చూశారా. ఎంత కాచుకుని ఉన్నారో ఆ మాట కోసం. మీరు తిట్టినా సరే, ఆ మాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎందుకలా గోడ మీద తెర దగ్గరికి వెళ్ళారు?

ఏమిటి? పక్కకా? ఎవరు పక్కకి?

తిరిగేటప్పుడా.

తిరిగేటప్పుడు అలలకి ఓడ అడ్డం పడుతుందా? ఆ కాసేపూ దెబ్బలన్నీ పక్కనే తగులుతాయా? అంటే ఆ బురద... అయ్యో, అయ్యో బావగారూ. నాకేం తెలుసు? బండి తిప్పినట్టు తిప్పి వచ్చేస్తారనుకున్నాను. వెంటనే అని కూడా రాశాను. వెంటనే తిరుగు అన్నాను.

ఆయనకి తెలీదా మరి? అంత చదువుకున్న మనిషి, మంచీ చెడ్డా చూసుకోరా? చూసుకోరు కదూ. మీరు చెప్తే చూసుకోరు. అన్నయ్య లెక్క చూసే చెప్పి ఉంటాడనుకుంటారు. ఇందాకటిదాకా ముందుకు పోయిందీ అందుకే, ఇప్పుడు తిరుగుతున్నదీ అందుకే.

ఆ పచ్చచుక్క కదిలిందా? నాకు కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, మీరు చూసి చెప్పండి. ఇంకా తిరగలేదు కదా? అలల మధ్య నిదానం చూసుకుని తిప్పొచ్చా? ఎలా తిప్పాలో, ఎప్పుడు తిప్పాలో మీకు తెలుసు కదా, చేశారు కదా మీరు ఆ రోజుల్లో. చేసి బతికొచ్చి మాకు కబుర్లు చెప్పారు.

మీ ఫోను మోగుతోంది.

ఓడ నుంచే. ఎన్నాళ్ళకి చేశారో మీకు.

నాకివ్వకండి, నా గొంతు వింటే ఆయనకి అంతా తెలిసిపోతుంది, చేతులు ఆగిపోతాయి. నేను రాశానని చెప్పద్దు. ఇప్పుడు కాదు, ఇంటికొచ్చాక నేనే చెప్పుకుంటాను, ఏం శిక్ష వేసినా సరే. మీరే రాశారనుకోనివ్వండి. మీ మాటగా వెనక్కి పిలిచింది నేను, క్షేమంగా తీసుకురావలసింది మీరు. ఎత్తండి బావగారూ. నెమ్మదిగా మాట్లాడండి.