రొట్టెలమ్మ చేతులు

పసివాళ్ల వార్డు అద్దం బయట, రొట్టెల బట్టీ నడిపే రొట్టెలమ్మ చేతులు చంకల్లో దోపుకుని నిలబడి ఉంది. నెలలు నిండకుండా పుట్టిన కొడుకు రక్తంలో ఈస్ట్ పెరుగుతోందని, అది రొట్టెలు పొంగించే రకమేనని డాక్టర్లు చెప్పినప్పటి నుంచి ఆమె లోపలికి వెళ్లలేదు. ల్యాబు డాక్టరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"అది మీ బట్టీలో ఈస్ట్ కాదమ్మా."

"అదేనని మీరే కదా అన్నారు?"

"అప్పుడు అది ఏ చక్కెరలు తింటుందో చూసి పోల్చాం, పొరబడ్డాం. ఇప్పుడు దాని జన్యువులో రాత చదివించాం. దాని జాతే వేరు."

"అయితే నా చేతుల నుంచి రాలేదా?"

"రాలేదు."

రొట్టెలమ్మ గోడకు చేరగిలబడింది.

"మరి ఎక్కడిది డాక్టరమ్మా?"

"కిందటి వారం ఇదే వార్డులో, ఆ మూల అద్దాల పెట్టెలో ఉన్న పాప పోయింది కదా. ఆ పాపలో దొరికినదాని రాతా, దీని రాతా ఒక్కటే. మా వార్డులోదే."

"అంటే మీ చేతులు."

"మా చేతులే కావచ్చు."

"వాడు దక్కుతాడా?"

"ఇన్నాళ్లూ వేసిన మందుకి ఇది చావదు. పొద్దున మందు మార్చాం. అంతకు మించి మాటివ్వలేనమ్మా."

"నా ఈస్టే అయితే నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఇప్పుడెవర్ని తిట్టను?"

"నన్ను తిట్టండి."

"తిడతాను, తీరిగ్గా. ముందు వాణ్ణి ముట్టుకోవాలి. నీళ్లెక్కడ?"

డాక్టరమ్మ కుళాయి తిప్పింది.

"మీరూ రాసుకోండి," అని రొట్టెలమ్మ తన చేతులు రుద్దుకున్న సబ్బు ఆమె చేతిలో పెట్టింది.