ఒంగోలు కారుకి లాగిన పైపులు

వినుకొండలో రాజ్యమక్క టీ బంకు ముందు ఆ పొద్దున ఓ ఎర్ర ఫారిన్ కారు ఆగింది. చీరాలలో చీరల వ్యాపారం చేసే బాబ్జీ గారు మద్రాసులో సెకండ్ హ్యాండులో కొన్న బండి అది. ఎండెక్కితే లాగడం లేదట, ఎవరో మెకానిక్ జాన్ బాషా పేరు చెబితే వెతుక్కుంటూ వచ్చారు. ట్రాక్టర్లూ ఆటోలూ తప్ప చూడని మా బాషాకి ఆ బండి మీద చెయ్యి వెయ్యాలని ప్రాణం కొట్టుకుంటోంది. తాళం మాత్రం ఇంకా బాబ్జీ గారి వేలికే ఊగుతోంది. ఇంకేం, బాషా టీ గ్లాసు బల్ల మీద పెట్టి మాట అందుకున్నాడు.

“మీ బండి జబ్బు నాకు తెలుసండీ. ఇంజనులోకి గాలిని బలవంతంగా కూరే సూపర్‌ఛార్జర్ ఉంది కదా, అలా కూరితే గాలి కాగిపోద్ది. దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలరని ఓ పెట్టె, ఆ పెట్టెలో నీళ్ళు తిరగడానికి రబ్బరు పైపులు. మీ పైపులు చివికిపోయాయి, అంతే. పోయినేడు ఒంగోలులో ఓ గ్రానైట్ ఆసామి కారుకీ ఇదే రోగం. పెద్ద పెద్ద షెడ్లవాళ్ళు చేతులెత్తేస్తే నాకు కబురు పెట్టాడు. వెళ్ళా, బానెట్ ఎత్తా, కొత్త పైపులు లాగేశా. పైపు సైలెన్సరుకి తగలకూడదు, ఎక్కడా మెలిక పడకూడదు, లోపల గాలి బుడగ నిలవకూడదు. అదే కిటుకు.”

“నిజమే, మద్రాసులోనూ అదే చెప్పారు” అన్నారు బాబ్జీ గారు కొంచెం ముందుకు జరిగి.

“ఇంతవరకూ బానే ఉంది” అన్నాడు నా పక్కన కూర్చున్న మిరప రైతు అంకారావు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోహిణి కార్తె ఎండ, రోడ్డు మీద తారు కరుగుతోంది, బండి బయల్దేరదీశాం. మేదరమెట్ల వచ్చేసరికి బానెట్ మీద చెమ్మ. అద్దంకి వచ్చేసరికి వెనకాల ఆసామి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయండీ! ‘బాషా, దుప్పటేమన్నా ఉందా’ అంటాడు. ఇంజను చల్లబడాలిగానీ మనిషి గడ్డకడితే ఎట్టా అని నేనే నా తువ్వాలు తీసి కప్పా.”

“ఏసీ ఏసుకున్నారేమోరా” అన్నాడు అంకారావు.

“ఏసీ లేదురా ఆ బండికి! అసలు సంగతి విను. అప్పుడు గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు కదా. మిరప రైతులు టిక్కీ బస్తాలు నెత్తిన పెట్టుకుని నా వెంట పరుగు. డిక్కీలో పడేసుకో బాషా, రేటొచ్చేదాకా ఉంచు బాషా అని. సరే పాపమని వేసుకున్నా. దాంతో ఏమైందీ? కోల్డ్ స్టోరేజీల ఓనర్లంతా కలిసి నా షెడ్డుకొచ్చి, మా పొట్ట కొట్టకు, ఆ బండి ఆపించు అని నా గడ్డం పట్టుకుని బతిమాలారు. ఆపితే ఆగుద్దా? ఆ చలికి పైన మబ్బు గడ్డకట్టి మన వినుకొండ కొండ మీద తెల్లగా మంచు కురిసింది!”

“ఎండకి నా పాలు విరిగిపోయిన రోజేగా అది?” అంది రాజ్యమక్క పొయ్యి దగ్గర్నుంచి.

“కొండకి అవతలి పక్క కురిసిందక్కా.”

బాబ్జీ గారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. మనిషి కోతలు కోసినా పని తెలిసినవాడే అనుకున్నారేమో, తాళం బాషా వైపు చాపారు కూడా. చాపుతూ, “ఇంతకీ బాషా గారూ, ఆ ఇంటర్‌కూలరు పెట్టెలోకి నీళ్ళు ఎక్కడ్నుంచి లాగారు?” అని అడిగారు.

“ఇంకెక్కణ్ణుంచండీ, ఇంజను రేడియేటరు నుంచే! ఇదిగో ఈ అంకారావు ఉన్నాడు, చేను పక్కనే సాగరు కాలవ పారుతుంటే మోటారేసి పైపు లాక్కుంటాడుగానీ పనిగట్టుకుని బోరు వేయిస్తాడా? నేనూ అంతే. ఎదురుగా నీళ్ళున్నాయి, లాగేశా!”

తాళం పట్టుకున్న బాబ్జీ గారి చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది.

“ఒరేయ్ బాషా,” అన్నాడు అంకారావు తాపీగా, “వేడెక్కిన ట్రాక్టరు రేడియేటరు మూత తీసి చెయ్యి కాల్చుకున్న నాకు తెలుసురా ఆ నీళ్ళ సంగతి. సలసలా మరిగే నీళ్ళతో గాలిని చల్లారుస్తావా? డిక్కీలో వేసిన మిరపకాయలు నిలవ ఉన్నాయా, బజ్జీలయ్యాయా?”

రాజ్యమక్క గరిటె వదిలేసి మరీ నవ్వింది. వాడిపోయిన బాషా మొహం చూస్తే నాకు జాలేసింది. బాబ్జీ గారికీ వేసినట్టుంది.

“బాషా గారూ, బండి మీకే చూపిస్తాను” అన్నారు. బాషా మొహం విప్పారింది. ఆయన తాళం జేబులో వేసుకుని, “వెనక టైరులో గాలి తగ్గింది. అది కొట్టి పెట్టండి చాలు” అన్నారు.

బాషా అప్పటికే లేచాడు. “ఒకటెందుకండీ,” అన్నాడు చేతులు లుంగీకి తుడుచుకుంటూ, “నాలుగూ చూస్తాను.”