వాలెంటైన్ నాటి పెళ్ళి

1931 ఫిబ్రవరి పద్నాలుగు. గిద్దలూరు పక్కన ఒక పల్లెలో, మిట్టమధ్యాహ్నం గడియ వేసుకున్న ఇంట్లో పాస్టరు నిత్యానందం, ఆయన భార్య మగ్దలీనమ్మ.

"మెల్లగా మాట్లాడు. ఇంకా చర్చి దగ్గరే ఉండారు."

"ఎవురు వాళ్ళు? కట్టెలు పట్టుకొని మన చర్చికెందుకు వచ్చినారు?"

"రాచర్ల మాలకొండయ్య మనుషులు. కొడుకును వెతుక్కుంటా వచ్చినారు."

"గొర్రెలు మేపే కాటమరాజునా? ఆ పిల్లోడు ఈడెందుకుంటాడు?"

"తెల్లారి వచ్చినాడు. పెళ్ళి చేసి పంపించినాను."

"పెళ్ళా? ఎవురితో?"

"మన సంఘం పిల్లతో."

"మిషను దొరగారికి చెప్పకుండానా? పెద్దోళ్ళు లేకుండానా?"

"చెప్తే జరగనిస్తారా?"

"మనల్ని బతకనిస్తారా వాళ్ళు? ఎందుకు చేసినారు ఈ పని?"

"వెనకటికి రోములో వాలెంటైన్ అని మన మాదిరి బోధకుడు ఉండెనంట. సిపాయిలు పెళ్ళి చేసుకోగూడదని రాజు ఆజ్ఞ. ఈయన చాటుగా చేసినాడంట. ఎంత నిజమో తనకే తెలీదనింది దొరసానమ్మ. ఈపొద్దు ఆయన పండగే."

"దొరసానమ్మకు గుండెబొమ్మల కార్డులొస్తాయే, ఆ పండగా?"

"అదే. ఈ దినం పక్షులు జత కడతాయని ఇంగ్లీషు కవి ఒకాయన రాసినాడంట, వెయ్యేళ్ళ తరవాత. ప్రేమ పండగ అయింది అప్పటినుంచే. మొదట ఆ బోధకుని పండగ."

"ఆయన్నేం చేసినారు?"

"నీళ్ళు ఉండాయా కొంచెం?"

"ఆయన్నేం చేసినారు, చెప్పండి."

"తల తీసినారు."

"ప్రభువా. అది తెలిసి కూడా చేసినారా?"

"భయపడతానే చేసినాను. నేను కాదంటే ఇద్దరూ రైలు కింద తలపెడతామన్నారు. కళ్ళు చూస్తే తెలిసింది, ఊరికే అనే మాట కాదని."

"ఇప్పుడు ఏడుండారు?"

"గుంటూరు బండిలో. దొనకొండ దాటేదాకా వీళ్ళకు నోరిప్పను."

"సుశీలమ్మ కూతురేనా? ఆ పిల్ల మీదనే నాకు అనుమానం."

"కాదు."

"ఎవురి పిల్లయితేనేం, మన కొంప తీసింది. మన ఎలీషబా ఈ గలాటాలో లేదు, అంతే చాలు. వాళ్ళత్త దగ్గరికి మార్కాపురం పోతానంటే నేనే పొద్దున్నే సద్ది కట్టి పంపిస్తి."

"మగ్దలీనా..."

"అదో, తలుపు కొడతాండారు."

"కొట్టనీ. ఇట్ల కూర్చో."

"ఆ పిల్లను కన్నతల్లికైనా తెలుసునా?"

"ఇప్పుడే చెప్తాండా."