గురమ్మ గంప ఎత్తినట్టు

దించీ, దించీ. ఏటే తులసీ ఆ ఒంగుడు? పిల్లి ఈపులాగ గూడు కట్టీసి ఎత్తితే ఆదివారం ఇజీనారం బరువులెత్తే పోటీల్లో మెడల్ మాటెలాగున్నా, నడుం పోగొట్టుకుని వస్తావు. ఫోన్లో సూసి నేర్సుకున్నావా? ఫోను నీ ఎనకాల నిలబడి సూస్తాదేటే? మీ తాతని, నాను సూస్తన్నాను. కూకో. గురమ్మ సంగతి నీకెప్పుడూ సెప్పలేదు గదా. సేపలమ్ముకునేదిలే. సముద్రం కాడ్నించి మొదటి బస్సుకొచ్చి మన నెల్లిమర్ల ఈదులన్నీ తిరిగీది. మడిసి సూస్తే సీపురుపుల్ల, గంప సూస్తే ఇద్దరు మగోళ్లు పట్టాల. నేల మీంచి అరుగు మీనకి, అరుగు మీంచి నెత్తి మీనకి, ఒక్కర్తే ఎత్తుకునీది. ఎవులైనా సాయానికెల్తే, "సెయ్యేస్తే తూకం సెడతాది, తప్పుకో నాయినా" అనీది.

అప్పుడు నాను జూట్ మిల్లులో బేళ్లు మోసీవోణ్ణి. మహా సెడ్డ పొగరు. అమ్మోరి పండక్కి సంగిడి ఎత్తీవోళ్లం. సంగిడంటే తెల్దేటి? రెండు గుండ్రాళ్లు, మద్దిన కడ్డీ. నీ ఇనుముకి ముత్తాత. రెండేళ్లు అది నాకు లొంగలేదు. మూడో ఏడు, పండక్కి నెల్లాళ్లుందనగా, ఎత్తబోయి నడుం పట్టీసి కూలబడ్డాను. మిల్లులో నాతో పనిసేసే కొండబాబుగాడు, "ఒరే, తాతకి మంచం తెండ్రా!" అని ఈదంతా నవ్వించీసినాడు. ఆ మాటకి ఆడి కూతురు పెళ్లికి కూడా నానెల్లలేదు. జిలేబీ ఎట్టినారట. ఎట్టనీ.

జనం ఎల్లిపోయినాక గురమ్మ, "బావా, రాయేటి మీ అత్తా, అంత దూరంగా నిలబడినావు?" అన్నాది. "నువ్వేటే నాకు సెప్పీది" అన్నాను. అది కోప్పళ్లేదు. గంప నేల మీన ఎట్టింది. పాదాలు గంపకి ఆనించింది, ముడ్డి ఎనక్కి తోసింది, ఈపు తలుపుసెక్కలాగ నిలిపింది. "సేతుల్తో లాగకు. సేతులు తాళ్లు, అంతే. కాళ్లతో నేలని తొక్కు" అనీసి, కడుపునిండా ఊపిరి బిగబట్టి లేసింది. గంప కాళ్లని రాసుకుంటూ వచ్చీసింది. ఒక్క సేపా జారలేదే!

ఇంక నెల్లాళ్లు మన పెరట్లో ఖాళీ గంప ఎత్తించింది. బేళ్లు మోసీవోడికి ఖాళీ గంప, అవమానం గాదేటి? ఈపు ఒంగితే సీపురుతో ఒకటిచ్చీది, "మల్లీ" అనీది. మీ మామ్మ పడీపడీ నవ్వీది. నడుం నొప్పి ఎటుపోయిందో. పండగనాడు సంగిడి లేసింది. కొండబాబు మొకం సూడాల అప్పుడు!

"ఎవులు నేర్పినార్రా?" అని పెద్దోళ్లడిగినారు. "ఎవులూ లేదు, నాకు నానే" అనీసినాను. గురమ్మ అక్కడే ఉన్నాది, గంప పక్కన. గంప నెత్తికెత్తుకుని ఎల్లిపోయింది. మర్నాడు మన గుమ్మంలో కూకుని మీ మామ్మతోటి, "మీ ఆయనకి ముళ్ల సేపే ఎయ్యనా అప్పా? ముళ్లు తనకి తనే తీసుకుంటాడు గదా" అన్నాది. అది పోయిందాకా ఈ ఇంటికి ముళ్ల సేపే. ఇగో, పోయి ఇరవయ్యేళ్లు దాటింది. ఒక్కసారైనా దాని ఎదురుగా నలుగుర్లో సెప్పుంటే...

ఆదివారం నువ్వు ఎత్తినాక మైకోడు నీ గురువెవులని అడుగుతాడు. తాత అనకు. సేపల గురమ్మ అని గట్టిగా సెప్పు. కొండబాబు మనవడొస్తాడట, ఆడికీ ఇనబడాల. లే, లే, బరువు కాడ నిలబడు. మల్లీ దూరమే! కడ్డీ నీకు అత్తేటే? దగ్గరికి రా.